గాలి తీస్తే ఎక్కిన గుట్ట

చిన్నప్పుడు సైకిలు షాపులో గాలి కొట్టించుకున్నాక మనమంతా చేసిన పని ఒకటుంది. బొటనవేలితో టైరును నొక్కి చూడటం. వేలు దిగకపోతే సంతోషం. రాయిలా ఉన్న టైరు బాగా పరుగెత్తుతుందని నమ్మకం. తారు రోడ్డు మీద ఆ నమ్మకం చాలావరకు నిజమే. దాన్నే వెంటబెట్టుకుని ఓ ఆదివారం తెల్లవారుజామున హైదరాబాద్‌లోని ఒక సైకిల్ క్లబ్బుతో కలిసి అనంతగిరి గుట్టలకు వెళ్లాను.

వికారాబాద్ దాటి అడవి బాట పట్టిన పది నిమిషాలకే అరచేతులు మొద్దుబారాయి. పళ్లు టకటకలాడుతున్నాయి. రాయి తగిలిన ప్రతిసారీ ముందు చక్రం తన ఇష్టం వచ్చిన వైపు ఎగిరి పడుతోంది. నాకంటే ఇరవై కిలోలు ఎక్కువ బరువుండే ఓ సభ్యుడు పక్కనుంచే మాట్లాడుకుంటూ దాటిపోయాడు. మొదటి మలుపులో నా కోసం ఆగి, నా టైరును వేలితో నొక్కి చూశాడు. "ఇది రోడ్డు కాదన్నా, జర గాలి తీయి" అన్నాడు.

తీశాను. అదే సైకిలు, అవే కాళ్లు, అదే బాట. కానీ చక్రం ఇప్పుడు నేలను పట్టుకుని నడుస్తోంది. పైగా వేగం కూడా పెరిగింది. గాలి తీస్తే బండి బరువెక్కాలి కదా, తేలికెలా అయింది?

రాయి తగ్గదు, మరి ఎవరు తగ్గాలి?

చక్రానికి ఎదురుగా రెండంగుళాల రాయి వచ్చిందనుకుందాం. ఇద్దరిలో ఒకరు తగ్గాలి. రాయి తగ్గదు. టైరు గట్టిగా ఉంటే అదీ తగ్గదు. అప్పుడు చక్రం, దానితో పాటు సైకిలు, సైకిలు మీది మనిషి అందరూ పైకి లేవాల్సిందే. ఈ లేపే పనికి కావలసిన శక్తి ఎక్కడి నుంచో రాదు, మన ముందు నడకలోంచే పోతుంది. రాయి దాటాక కిందికి దిగుతాం కదా, అప్పుడు తిరిగి రాదా? కొంతే వస్తుంది. మిగతాదంతా కుదుపుగా మారి మణికట్లలో, భుజాల్లో, నడుములో వేడిగా ఇంకిపోతుంది. ఈ విషయంలో మన ఒళ్లు ధాన్యపు బస్తా లాంటిది. ఎత్తి కింద వేస్తే బంతిలా ఎగరదు, పడ్డచోటే కూలబడుతుంది. ఒక్క రాయి దగ్గర పోయేది తక్కువే. గుట్ట బాట మీద వేల రాళ్లుంటాయి.

గాలి తక్కువగా ఉన్న టైరు తానే తగ్గుతుంది. రాయి దానిలోకి దిగబడుతుంది, టైరు రాయిని చుట్టుకుంటుంది, దాటగానే మళ్లీ తన రూపానికి వస్తుంది. చక్రపు ఇరుసు దాదాపు ఒకే మట్టంలో సాగిపోతుంది. లేచింది గుప్పెడు రబ్బరు, మనిషి కాదు.

మెత్తటి టైరుకు ఖర్చు లేదని కాదు. నేలను తాకిన చోట అది ప్రతి చుట్టులోనూ నలుగుతుంది, ఆ నలుగుడుకు రబ్బరు వేడెక్కుతుంది. నున్నటి తారు మీద ఉన్న నష్టం అదొక్కటే కాబట్టి అక్కడ గట్టి టైరుదే గెలుపు. గుట్ట మీద నలుగుడు నష్టం కంటే కుదుపు నష్టం ఎన్నో రెట్లు పెద్దది. అందుకే అక్కడ లెక్క తిరగబడుతుంది.

దీనికీ హద్దుంది. గాలి మరీ తీసేస్తే రాయి టైరును దాటి రిమ్మును కొడుతుంది. మధ్యలో చిక్కిన ట్యూబుకు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. సైకిలు వాళ్లు దాన్ని పాము కాటు అంటారు, చూస్తే అలాగే ఉంటుంది. ఆ బాధ లేకుండా చాలామంది ఇప్పుడు ట్యూబే తీసేసి, టైరులో రబ్బరు పాల లాంటి ద్రవం పోసుకుంటున్నారు. ముల్లు దిగితే గాలితో పాటు ఆ ద్రవమూ చిల్లు వైపు ఉరికి అక్కడే గడ్డకడుతుంది. తుమ్మ ముళ్లు పరిచినట్టుండే మన బాటల్లో ఇంతకంటే మేలైన ఏర్పాటు నేను చూడలేదు.

> పది రూపాయల బిళ్లలతో లెక్క
>
> వెనక చక్రం మీద 50 కిలోల బరువు పడుతోందనుకుందాం. టైరులో 60 పీఎస్‌ఐ గాలి ఉంటే, అంటే చదరపు సెంటీమీటరుకు 4 కిలోలకు కాస్త పైన, ఆ బరువును మోయడానికి టైరు నేలను సుమారు 12 చదరపు సెంటీమీటర్ల మేర తాకితే చాలు. రెండు పది రూపాయల బిళ్లలంత చోటు. గాలిని 25 పీఎస్‌ఐకి దించితే తాకే చోటు సుమారు 28 చదరపు సెంటీమీటర్లవుతుంది. ఐదు బిళ్లలంత. మనిషి, సైకిలు, బరువు ఏవీ మారలేదు. నేలను పట్టుకునే చెయ్యి మాత్రం రెండింతలు దాటింది.

మొరం ఎందుకు జారుతుంది

అనంతగిరిలో ఆ చెయ్యి అవసరం చాలా ఉంది. అక్కడి నేల మొరం. లక్షల ఏళ్ల వానలకు, ఎండలకు రాయి పుండైపోయి, కరిగేవన్నీ కరిగి కొట్టుకుపోగా, ఇనుము మిగిలి తుప్పు పట్టిన నేల అది. ఎరుపంతా ఆ తుప్పుదే. దానిలో శనగగింజంత, రేగుపండంత గులకలు ఏర్పడతాయి. వాటి కింద నేల గట్టిగా ఉంటుంది. గట్టి నేల మీద గుండ్రటి గులకలు, వాటి మీద చక్రం. బేరింగు ఎలా పనిచేస్తుందో గుర్తు చేసుకోండి. రెండు గట్టి లోహాల మధ్య గుండ్లు వేస్తే రాపిడి తగ్గి సుళువుగా దొర్లుతుంది. బేరింగులో మనం కోరి తెచ్చుకున్న గుణమే మొరం మలుపులో మనల్ని కింద పడేస్తుంది.

వెడల్పు టైరుకున్న రబ్బరు గుబ్బలు ఈ గులకలను పక్కకు తోసి కింది నేలను అందుకుంటాయి. అయితే చక్రం తిరుగుతున్నంతసేపే. బ్రేకు బిగపట్టి చక్రాన్ని నిలిపేస్తే గుబ్బలు గులకల మీద జారే తొక్కుడుబిళ్లలైపోతాయి. జారుతున్న చక్రం హ్యాండిల్ మాట వినదు. కొత్తవాళ్లు భయంతో చేసే మొదటి పని బ్రేకును బిగించడం, పడిపోవడానికి మొదటి కారణమూ అదే. మలుపుకు ముందే వేగం తగ్గించుకుని, మలుపులో వేళ్లు వదులు చేయాలి. చదివితే ఒక వాక్యం. వేళ్లకు నేర్పడానికి నాకు మూడు నెలలు, ఒక మోచేతి తోలు పట్టింది.

వంద మీటర్ల ఎత్తు, రెండు ఇడ్లీలు

ఎక్కుడు దగ్గర మోసం లేదు. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలైతే, ఆ బరువును నిలువుగా వంద మీటర్లు పైకి చేర్చడానికి ఎవరు తొక్కినా ఒకే పని అవుతుంది. గేర్లు ఆ పనిని తగ్గించవు, ముక్కలు చేసి ఇస్తాయి. పది బస్తాల వడ్లను అటక మీదికి ఒకేసారి ఎత్తలేం, బుట్టలకెత్తుకుని నలభై సార్లు మోయగలం. పాల క్యాన్లు తగిలించుకు తిరిగే మామూలు సైకిలు ఒక్క పెడల్ చుట్టుకు సుమారు ఐదు మీటర్లు కదులుతుంది. కొండ సైకిలును చిన్న గేర్లో పెడితే ఒక చుట్టుకు ఒకటిన్నర మీటరే. చుట్లు ఎక్కువ, ఒక్కో చుట్టులో బరువు తక్కువ.

ఆ వంద మీటర్ల ఎత్తుకు మన కండరాలు ఖర్చు చేసేది 80 నుంచి 100 కిలోకేలరీలు. దాదాపు రెండు ఇడ్లీలిచ్చే శక్తి. నిజానికి ఎత్తుకు చేరిన పని అందులో ఇరవై కిలోకేలరీలే. మిగతా మూడు వంతులకు పైగా వేడిగా మారి ఒంట్లోనే ఉండిపోతుంది. మన కండరాల పనితనం అంతే, ఎంత సాధన చేసినా పెద్దగా మారదు.

ఎక్కుడులో ఊపిరాడనట్టు ఉండటానికి ఈ వేడికీ పెద్ద పాత్ర ఉంది. ఒళ్లు ఎక్కువ వేడి పుట్టించేది ఎక్కేటప్పుడే. అప్పుడే సైకిలు మనిషి నడకంత వేగంతో పోతుంటుంది, కనుక ఒంటికి గాలి తగలదు. చెమట పడుతుంది గానీ ఆరదు. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని పట్టుకుపోతుంది. కారి నేల మీద పడితే ఏమీ పట్టుకుపోదు. విశాఖ చుట్టుపక్కల కొండల్లో సైకిలు తొక్కేవాళ్ల కష్టం ఇక్కడివాళ్ల కంటే ఎక్కువ. సముద్రపు తేమకు చెమట ఆరదు, వేడి దిగదు. ఎండ తక్కువున్న రోజున కూడా అక్కడ ఒళ్లు ఉడికిపోవడానికి కారణం అదే.

నెమ్మదిగా పోవడంలో ఇంకో చిక్కుంది. సైకిలు నిలబడేది అది పడబోయే వైపుకే చక్రం తిరుగుతుంది కాబట్టి. ఎడమకు ఒరిగితే చక్రం ఎడమకు తిరుగుతుంది, సైకిలు మళ్లీ బరువు కిందికి వచ్చి చేరుతుంది. గిరగిర తిరిగే చక్రాల వల్లే సైకిలు పడిపోదని మనం బళ్లో విన్నాం. ఆ ప్రభావాన్ని పూర్తిగా రద్దు చేసిన ఒక చిన్న ప్రయోగపు బండిని నెదర్లాండ్స్, అమెరికా ఇంజినీర్లు తయారుచేసి, అదీ మనిషి లేకుండానే నిలబడి పోగలదని 2011లో చూపించారు. తనంతట తాను సరిదిద్దుకునే ఆ గుణం సైకిలుకు తగినంత వేగం ఉంటేనే పనిచేస్తుంది. ఎక్కుడులో ఆ వేగం ఉండదు, కనుక ఆ పనంతా మనమే చేయాలి. కాళ్లు మండుతుండగా చేతులతో తూకం నిలుపుకోవాలి. ముందుకు వంగితే వెనక చక్రం జారుతుంది, వెనక్కి జరిగితే ముందు చక్రం లేస్తుంది. సీటు ముక్కు మీద కూర్చుని, ఛాతీ హ్యాండిల్‌కు దగ్గరగా వంచి, ఆ రెండింటి మధ్య సన్నటి చోటు వెతుక్కోవాలి. దొరికిన రోజు కలిగే ఆనందం చిన్నప్పుడు కాంపౌండు గోడ మీద చివరిదాకా నడిచిన నాటిది.

> ఎడ్లబండి చక్రం ఎందుకంత పెద్దది?
>
> చిన్న చక్రానికి గుంట అంటే పడే గొయ్యి, పెద్ద చక్రానికి అది దాటే పగులు. చిన్న చక్రం రాయిని నిటారుగా ఢీకొంటుంది, పెద్ద చక్రం దాన్ని వాలుగా ఎక్కుతుంది. తారు లేని డొంకల్లో తిరగాల్సిన ఎడ్లబండికి మన వడ్రంగులు మనిషి ఛాతీ ఎత్తు చక్రాలు బిగించింది ఇందుకే. కొండ సైకిళ్లు చాలా ఏళ్లు 26 అంగుళాల చక్రాలతో నడిచి, తర్వాత 29 అంగుళాలకు మారాయి. వడ్రంగి ఎరిగిన సంగతే.

దిగుడు: దాచుకున్న సొమ్ము ఖర్చు

ఎక్కిన ప్రతి మీటరూ దాచుకున్న సొమ్ము. దిగేటప్పుడు అది వేగంగా చేతికొస్తుంది. వద్దనుకున్నంత వేగాన్ని బ్రేకులు వేడిగా మార్చి గాలిలో కలిపేస్తాయి. ఈ సంగతిని కళ్లకు కట్టిన కథ ఒకటి అమెరికాలో ఉంది. ఈ ఆటకు పునాది పడింది అక్కడే.

కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరు. 1970లలో అక్కడి కుర్రాళ్లు కొందరు 1930ల, 40ల నాటి బరువైన పాత సైకిళ్లను కొని, వాటి లావు టైర్లతో కొండ మీది మట్టి దారుల్లో దూసుకొచ్చేవాళ్లు. 1976 అక్టోబర్ 21న ఒక దారిలో మొదటిసారి గడియారం పెట్టి పందెం కట్టారు. మూడున్నర కిలోమీటర్ల లోపు దూరంలో 400 మీటర్ల దిగుడు. ఆ సైకిళ్లకు పెడల్‌ను వెనక్కి తొక్కితే పడే బ్రేకే ఆధారం. అది వెనక చక్రపు ఇరుసు గూటిలో, గ్రీజు మధ్య ఉండేది. కిందికి వచ్చేసరికి గ్రీజు కాలి పొగలు కక్కేది. మళ్లీ పందెం కట్టాలంటే ఇరుసు గూడు విప్పి కొత్త గ్రీజు దట్టించాలి. ఇంగ్లిషులో దాన్ని రీప్యాక్ అంటారు. ఆ దారికి అదే పేరైంది.

పొగ ఎందుకు రాదు? మనిషీ సైకిలూ కలిపి 95 కిలోలనుకుంటే, 400 మీటర్ల ఎత్తులో దాగిన శక్తి లీటరుకు పైగా చన్నీళ్లను మరిగించగలదు. కొంత గాలికి, కొంత టైర్లకు పోయినా, మిగిలిన పెద్ద వాటా పిడికెడు ఇనప గూటిలో నాలుగైదు నిమిషాల్లో చేరింది. మూత పెట్టిన గిన్నెలో మంట పెట్టినట్టు.

నేటి సైకిలుకు పల్చటి ఉక్కు పళ్లెం లాంటి డిస్క్ ఉంటుంది. రెండు వైపులా గాలి తగులుతుంది, గ్రీజుకు దూరంగా ఉంటుంది. వేడన్నం త్వరగా చల్లారాలంటే గిన్నెలోంచి పళ్లెంలోకి తీసి పరుస్తాం కదా, అదే ఉపాయం. రీప్యాక్ పందేల్లో దూసుకొచ్చిన వాళ్లలో జో బ్రీజ్ ఈ ఆట కోసమే పుట్టిన తొలి సైకిళ్లను 1977, 78లలో తయారుచేశాడు. గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ 1979లో ఇలాంటి సైకిళ్లను అమ్మే కంపెనీ పెట్టారు. 1996 నాటికి ఈ ఆట ఒలింపిక్స్‌కు చేరింది.

అనంతగిరి దిగుళ్లు అంత పొడవైనవి కావు. మా బ్రేకుల కంటే ముందు మా చూపు అలసిపోతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఐదున్నర మీటర్లు పోతాం. కన్ను చూసి, మెదడు తేల్చుకుని, చెయ్యి కదిలేలోగా అర సెకను గడిస్తే దాదాపు మూడు మీటర్లు దాటిపోయినట్టే. ముందు చక్రం దగ్గరి రాయిని చూసి లాభం లేదు, దాన్ని అప్పటికే ఎక్కేసి ఉంటాం. పది మీటర్ల అవతల చూడాలి, రాయిని కాదు, రాళ్ల మధ్య ఖాళీని చూడాలి. కళ్లు ఎటు అతుక్కుంటే సైకిలు అటే పోతుంది.

గుంపులో కష్టం ఏమవుతుంది?

ఇప్పుడు నన్ను టైరు కంటే ఎక్కువ కాలం వేధించిన ప్రశ్న. అదే ఎక్కుడును నేనొక్కణ్ణే వెళ్లిన రోజు సగంలో దిగి నెట్టుకుంటూ వెళ్లాను. వారం తర్వాత గుంపుతో వెళ్తే దిగకుండా ఎక్కాను. వారంలో కాళ్లు మారవు. మరేం మారింది?

రోడ్డు సైకిలు వాళ్లకు సులువైన జవాబుంది. ముందువాడి వెనక నక్కితే గాలి అడ్డు తగ్గుతుంది. గుట్ట ఎక్కుడులో ఆ జవాబు చెల్లదు. గాలిని చీల్చే ఖర్చు వేగం రెట్టింపైతే ఎనిమిది రెట్లవుతుంది, నడక వేగంలో అది లెక్కలోకే రాదు.

వేరే జవాబుకు తొలి ఆధారం అమెరికాలో దొరికింది. అక్కడ నార్మన్ ట్రిప్లెట్ అనే పరిశోధకుడికి సైకిలు పందేలంటే ఇష్టం. 1897 నాటి పందేల రికార్డులు ముందేసుకుని చూస్తే, గడియారంతో ఒంటరిగా పోటీ పడినవాళ్ల కంటే, తోడు బండి వెంట వచ్చినవాళ్లు, పక్కన పోటీదారు ఉన్నవాళ్లు వేగంగా పోయారు. గాలి చాటు వల్లే అయి ఉండొచ్చని, గాలి ఊసే లేని పని ఒకటి ఎంచుకున్నాడు. నలభై మంది పిల్లలచేత చేపల గాలపు చక్రాల్లాంటివి తిప్పించాడు, ఒకసారి ఒంటరిగా, ఒకసారి జంటగా. సగం మంది జంటలో వేగంగా తిప్పారు. పది మందిలో మార్పు లేదు. పది మంది తడబడి నెమ్మదించారు. 1898లో అచ్చయిన ఆ పరిశోధన సామాజిక మనస్తత్వశాస్త్రపు తొలి ప్రయోగాల్లో ఒకటిగా నిలిచింది.

చివరి పది మందిని మరచిపోకూడదు. కొత్తగా వచ్చినవాడు ముందువాళ్లను అందుకోవాలని మొదటి అరగంటలోనే శక్తంతా పోగొట్టుకుని, తర్వాత రావడమే మానేయడం క్లబ్బుల్లో తరచూ జరుగుతుంది. మంచి క్లబ్బుకు గుర్తు ముందు ఎవరు పోతున్నారన్నది కాదు, చివర ఎవరు ఉన్నారన్నది. మా దగ్గర అనుభవమున్న ఒకరు ఎప్పుడూ ఆఖరున ఉంటారు. ఆయన్ని దాటి ఎవరూ వెనకబడరు.

రెండో ఆధారం ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి 2009లో వచ్చింది. పన్నెండు మంది పడవ పందేల ఆటగాళ్లు గదిలో తెడ్డు యంత్రాల మీద ఒంటరిగానూ, కలిసి ఒకే లయలోనూ సాధన చేశారు. రక్తపోటు చూసే పట్టీని చేతికి బిగిస్తూ, నొప్పి ఎప్పుడు మొదలైందో చెప్పమన్నారు. సాధన తర్వాత నొప్పిని ఓర్చుకునే శక్తి రెండు సందర్భాల్లోనూ పెరిగింది, కలిసి చేసిన రోజు మాత్రం ఆ పెరుగుదల దాదాపు రెండింతలు ఉంది. చేసిన శ్రమ ఒకటే. ఒంట్లో పుట్టే ఎండార్ఫిన్లనే నొప్పి నివారిణులు దీనికి కారణమని పరిశోధకుల భావన. పన్నెండు మందితో జరిగిన చిన్న ప్రయోగం కాబట్టి దీన్ని తుది తీర్పు అనలేం. అయినా ముందువాడి పెడల్ తిరిగే లయలో నా పెడల్ తిరుగుతూ, వెనక నుంచి "అన్నా, ఇంకొక్క మలుపే" అని వినబడుతూ ఉన్న ఆ ఎక్కుడును తలచుకుంటే నాకిది నిజమేననిపిస్తుంది. గుంపు వల్ల గుట్ట ఎత్తు తగ్గలేదు, రెండు ఇడ్లీల ఖర్చూ తగ్గలేదు. నేను ఆపేయాలనుకునే గీత దూరం జరిగింది.

చక్రం గీసిన కాలువ

ఈ ఆనందానికి బాట చెల్లించే ధర ఒకటుంది. పొడి మొరం మీద చక్రం పెద్దగా గుర్తు వదలదు. వాన పడి నానిన నేల మీద అదే చక్రం గాడి చేస్తుంది. తర్వాతి వానకు నీళ్లు ఆ గాడిలో చేరతాయి. నీటికి వాలు దొరికితే వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే మోసుకుపోయే మట్టి పెరుగుతుంది. గాడి కాలువవుతుంది, కాలువ చెట్ల వేళ్లను బయట పెడుతుంది. బ్రేకు బిగించి జారిన చోట ఇది ఇంకా త్వరగా మొదలవుతుంది.

తెలిసిన క్లబ్బులు బాటను వాలుకు నేరుగా కాకుండా అడ్డంగా, మెల్లటి ఏటవాలులో ఉంచుతాయి. బయటి అంచును కాస్త వంచి, మధ్యమధ్య చిన్న మిట్టపల్లాలు వదులుతాయి. నీళ్లు బాట వెంట పరుగెత్తకుండా బాటను దాటి పక్కకు జారిపోతాయి. అనంతగిరి అడవిలో ఏ పారపనైనా అటవీశాఖ అనుమతితోనే చేయాలి. అనుమతి అక్కర్లేని పని ఒకటుంది, తడి నేల మీదికి వెళ్లకపోవడం.

మూసీ పుట్టింది అనంతగిరిలోనే. అక్కడ చక్రం కింద వదులైన మట్టి వాగుల్లో పడి, మూసీలో చేరి, 1920లో కట్టిన గండిపేట చెరువు వైపు సాగుతుంది. కాబట్టి వాన కురిసిన మర్నాడు గుట్ట ఎంత పచ్చగా పిలిచినా సైకిలు ఇంట్లోనే ఉంచండి. నేల ఆరేదాకా రెండు మూడు రోజులు ఆగండి. వెళ్లే ముందు టైరులో గాలి కాస్త తీయడం మరిచిపోకండి.